బండి ముచ్చట్లు: మోటారు సాయం మన చేతికి తీసుకోవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైబ్రిడ్ కార్ల గురించే, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే కార్లు. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా చాలామంది అడిగింది ఒక్కటే. మోటారు ఎప్పుడు సాయం చేయాలి, బ్యాటరీ ఎప్పుడు ఛార్జి కావాలి అన్నది కారు కంప్యూటర్‌కు వదిలేయకుండా మనమే ఒక స్విచ్చుతో చూసుకోవచ్చా అని. మొదటి ఉత్తరానికి జవాబు కొంచెం పొడవైంది. మిగతావాటికీ అదే పునాది కాబట్టి నిదానంగా చదవండి.

ప్రశ్న: సార్, మాది కడప. 2023లో గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకున్నాను. వ్యాపారం పని మీద వారానికి రెండుసార్లు రాయచోటి వెళ్లి వస్తాను. వచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే సగం దూరంలోనే బ్యాటరీ బొమ్మ నిండిపోతుంది, ఆ తర్వాత ఇంజిన్ ఉన్నట్టుండి గట్టిగా అరుస్తుంది. పోయేటప్పుడేమో ఘాట్ ఎక్కడం మొదలయ్యేసరికి బ్యాటరీ సగానికి తక్కువగా ఉంటుంది. విదేశాల్లో కొందరు గేర్ రాడ్ మీద చిన్న లివర్ పెట్టుకుని, మోటారు ఎంత సాయం చేయాలో, బ్యాటరీకి ఎంత ఛార్జి పోవాలో తామే చూసుకుంటారట. నా బండికి అట్లా పెట్టించవచ్చా? ఇక్కడ ఒక ఎలక్ట్రీషియన్ ముప్పై వేలకు చేసిస్తానంటున్నాడు.
(ఒక పాఠకుడు, కడప)

జవాబు: సూటిగా చెప్పేస్తాను. పెట్టించకండి, ఆ ముప్పై వేలు ఇవ్వకండి. చేస్తానన్న మనిషి మోసగాడని నేను అనడం లేదు, హారన్‌కు రిలే పెట్టినట్టు, ఫాగ్ ల్యాంపులు బిగించినట్టు ఇది కూడా ఒక తీగ లాగితే అయిపోయే పని అని ఆయన నమ్ముతున్నట్టున్నాడు. మీ కారులో అట్లా లాగడానికి సాయం తీగ, ఛార్జింగ్ తీగ అని విడిగా ఏమీ లేవు. ఎందుకు లేవో అర్థం కావాలంటే మీరు విన్న ఆ లివర్ సంగతి నుంచే మొదలుపెట్టాలి.

ఆ లివర్ నిజమే. హోండా 1999లో ఇన్‌సైట్ అనే రెండు సీట్ల హైబ్రిడ్ తెచ్చింది. ఆ మొదటి తరం బండి 2006 దాకా నడిచింది, మన దేశంలో మాత్రం అమ్మలేదు. ఒక లీటరు మూడు సిలిండర్ల ఇంజిన్, దానికీ గేర్ బాక్సుకూ మధ్య పళ్లెంలాగా పలుచటి 10 కిలోవాట్ల మోటారు, సీట్ల వెనక 144 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ. ఇంజిన్, మోటారు ఒకే కాడికి కట్టిన రెండెద్దుల్లాంటివి. పెద్దెద్దు లాగుతూ ఉంటుంది, చిన్నెద్దు కావాలన్నప్పుడు భుజం కలుపుతుంది, వద్దన్నప్పుడు ఊరికే పక్కన నడుస్తుంది, బ్రేకు వేసినప్పుడు వెనక్కి పట్టి ఆ బలాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఇంత సాయం చెయ్యి, ఇంత ఛార్జి చెయ్యి అని ఇంజిన్ కంప్యూటర్ మోటారు కంప్యూటర్‌కు సిగ్నల్ తీగల మీద చెప్పేది. కొందరు యజమానులు సరిగ్గా ఆ తీగల మధ్యలో ఒక చిన్న బోర్డు దూర్చారు, గేర్ నాబ్ దగ్గర బొటనవేలితో కదిపే జాయ్‌స్టిక్ పెట్టుకున్నారు. ఒకవైపు తోస్తే సాయం, ఇంకోవైపు తోస్తే ఛార్జింగ్. దానికి మాన్యువల్ ఇంటిగ్రేటెడ్ మోటార్ అసిస్ట్ అని పేరు, పొట్టిగా మీమా అంటారు.

వాళ్లకు అది ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా చూడండి, ఎందుకంటే మీ బాధ, వాళ్ల బాధ ఒకటే. కారు కంప్యూటర్‌కు బ్యాటరీ వేడి తెలుసు, అందులో ఎంత ఛార్జి ఉందో తెలుసు, ఇంజిన్ ఎంత కష్టపడుతోందో తెలుసు, కానీ ముందున్న మలుపు తర్వాత మూడు కిలోమీటర్ల ఎక్కుడు ఉందని తెలియదు. మనకు తెలుసు. మైదానం మీద వెళ్తున్నప్పుడే అది బ్యాటరీని ఖర్చు పెట్టేసి, అసలు కొండ దగ్గరికి వచ్చేసరికి ఖాళీ చేతులు చూపించేది, పైగా ఎక్కుతున్న ఇంజిన్ మీదే ఛార్జింగ్ భారం కూడా వేసేది. ఆ బండి ఇంజిన్ తేలిక బరువు మీద నడిచేటప్పుడు పెట్రోలు బాగా తక్కువ, గాలి ఎక్కువ కలుపుకుని నడిచే పద్ధతి ఒకటి ఉంది, మోటారుతో కొంచెం కొంచెం సాయం ఇస్తూ ఉంటే ఇంజిన్ ఆ పొదుపు పద్ధతిలోనే ఎక్కువసేపు ఉండేది. మాన్యువల్ గేర్లు, విడి మోటారు, విడి సిగ్నల్ తీగలు, ఈ మూడూ కుదిరాయి కాబట్టి వాళ్ల ప్రయత్నం ఫలించింది. తెలివైన పని, నాకు నిజంగా నచ్చిన పని.

ఇప్పుడు మీ గ్రాండ్ విటారా దగ్గరికి రండి. దాని అన్నదమ్ము లాంటి హైరైడర్‌లోనూ, ఇన్నోవా హైక్రాస్‌లోనూ ఇదే టొయోటా పద్ధతి. ఇందులో మనకు తెలిసిన గేర్ బాక్సే లేదు. ఒక ప్లానెటరీ గేరు ఉంటుంది, దాని ఒక చేతికి ఇంజిన్, ఇంకో చేతికి జనరేటర్, మూడో చేతికి చక్రాలు, ఆ చక్రాల వైపే పెద్ద మోటారు కూడా. మా అవ్వ కవ్వంతో చల్ల చిలికేటప్పుడు తాడు రెండు కొసలు పట్టుకునేది కదా, ఒక చేయి లాగుతుంటే ఇంకో చేయి కొంచెం బిగువుగా వదులుతూ ఉండాలి, ఆ రెండో చేయి తాడు పూర్తిగా వదిలేస్తే కవ్వం తిరగదు, తాడు జారి చేతికొస్తుంది. ఇక్కడ జనరేటర్ ఆ రెండో చేయి. అది ఎంత బిగువు పట్టాలో క్షణక్షణం లెక్క కట్టి చూసుకుంటేనే ఇంజిన్ బలం చక్రాలకు పోతుంది. మీరు లివర్ పెట్టి ఆ బిగువును ఇష్టం వచ్చినట్టు మార్చారనుకోండి, ఇంజిన్ ఊరికే రేస్ అవుతుంది, బండి ముందుకు పోదు, లేదా తప్పు పసిగట్టిన కంప్యూటర్ ఎర్ర లైటు వేసి బండిని రోడ్డు మధ్యలో ఆపేస్తుంది. ఇందులో మోటారు ఇంజిన్‌కు సాయం చేసేది కాదు, మోటార్లే గేర్ బాక్సు. ఆ ముక్క ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి, అర్థం చేసుకుంటాడు.

సరే, లివర్ పెట్టడం సాధ్యమే అనుకుందాం, ఏం మిగిలేదో లెక్క వేద్దాం. మీ బ్యాటరీ 177.6 వోల్టులది, మొత్తం కలిపి 0.76 యూనిట్లు పడుతుంది, ఇంటి మీటర్లో తిరిగే ఆ యూనిట్లే. అందులోనూ పైన కొంత, కింద కొంత వదిలేసి మధ్య భాగాన్నే వాడతారు, ఆయుష్షు కోసం. బొమ్మలో నిండినట్టు కనిపించినా లోపల అది నూరు శాతం కాదు. వాడుకోదగ్గ భాగం 0.3 యూనిట్లు అనుకోండి. మనుషులతో, సామానుతో కలిపి 1,500 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే వచ్చే శక్తి సుమారు 0.4 యూనిట్లు. టైర్ల రాపిడి, గాలి, మోటారులో నష్టం అన్నీ తీసేస్తే పావు యూనిట్ బ్యాటరీకి చేరుతుంది. అంటే ఘాట్‌లో నూరు, నూట ఇరవై మీటర్ల ఎత్తు దిగేసరికే బ్యాటరీ నిండిపోవడం మామూలు. మీ లివర్ ఎంత బాగా పనిచేసినా తొట్టి పెద్దది కాదు.

ఆ పావు యూనిట్ విలువ ఎంత అంటే, ఒక లీటరు పెట్రోలులో ఉన్న వేడి దాదాపు 9 యూనిట్లు, అందులో ఇంజిన్ చక్రాలకు ఇచ్చేది మూడు, మూడున్నర. ఆ లెక్కన పావు యూనిట్ కరెంటు ఆదా చేసేది 60, 70 మిల్లీలీటర్ల పెట్రోలు. చిన్న టీ గ్లాసుడు. వారానికి రెండుసార్లు దిగే మీకు, ఇప్పుడు పోతున్నదంతా ఏదో మాయతో పట్టుకున్నా వారానికి ముప్పై, నలభై రూపాయలు దాటదు. ముప్పై వేలు ఎప్పటికి తిరిగొస్తాయో మీరే చూసుకోండి. ఇంకొకటి, ఘాట్ ఎక్కడానికి ముందు మైదానం మీదే ఇంజిన్‌తో బ్యాటరీని నింపి పెట్టుకుందామని మీరు అనుకుంటున్నట్టుంది. ఇంజిన్ నుంచి జనరేటర్, అక్కడి నుంచి బ్యాటరీ, మళ్లీ మోటారు, ఇన్ని చేతులు మారేసరికి నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా దారిలోనే పోతుంది. దిగేటప్పుడు వచ్చేది ఉచితం, ఇంజిన్‌తో నింపుకునేది మాత్రం డబ్బు పెట్టి కొన్నదే.

ఇంజిన్ అరుపు సంగతి. మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు. బ్యాటరీ నిండాక ఇక కరెంటు పెట్టుకునే చోటు లేదు, కానీ బండిని పట్టి ఉంచాలి, కాబట్టి జనరేటర్‌ను మోటారులాగా వాడి ఇంజిన్‌ను ఊరికే తిప్పుతుంది, పాత కారులో సెకండ్ గేరులో దిగినట్టు. అప్పుడు ఇంజిన్‌లోకి పెట్రోలు పోదు. మీ గేర్ రాడ్‌లో డి కింద బి అని ఉంటుంది చూడండి, అది ఆ ఇంజిన్ పట్టును ముందే తెప్పిస్తుంది. బి వేస్తే ఎక్కువ ఛార్జి అవుతుందని చాలామంది ఊళ్లో కూడా బి లోనే నడుపుతున్నారు, అది పొరపాటు. అది పొడవాటి దిగుడు కోసం, బ్రేకులు వేడెక్కకుండా ఉండటం కోసం. గువ్వలచెరువు ఘాట్‌లో లారీలు బ్రేకులు పట్టక లోయలోకి పోయిన సంగతులు మీకు నేను చెప్పనక్కర్లేదు. బ్యాటరీ ముప్పావు వంతు దాటగానే బి వేయండి, అది అరిస్తే అరవనివ్వండి.

లివర్ వద్దని నేను గట్టిగా అనడానికి అసలు కారణం బ్రేకులే. మీరు పెడల్ తొక్కినప్పుడు ముందు మోటారు పడుతుంది, చాలకపోతే డిస్కులు కలుస్తాయి, ఈ రెండిటి వాటాలు కంప్యూటర్ పంచుతుంది. తొలకరి వాన పడి రోడ్డు మీద ఆయిల్ తేలిన రోజు ముందు చక్రం జారబోతే కంప్యూటర్ వెంటనే మోటారు పట్టు వదిలేసి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు అప్పజెబుతుంది. మీ చేతిలోని లివర్ అట్లా వదలదు. పైగా లివర్‌తో బండి నెమ్మదిస్తే వెనక బ్రేకు లైట్లు వెలగవు. వెనక టమోటా లోడు లారీ ఉందనుకోండి.

చట్టం కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. సుప్రీం కోర్టు కూడా 2019 జనవరిలో అదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణలో పెట్టారు. ఇక బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది కదా, హై వోల్టేజి వైరింగ్‌లో పరాయి ముడి ఒకటి కనబడితే అది మీకు దక్కడం కష్టం.

మరి ఏం చేయొచ్చు? చాలా చేయొచ్చు, మీ కుడికాలే లివర్. మీటర్‌లో ఛార్జ్, ఎకో, పవర్ అని మూడు భాగాల ముల్లు ఉంటుంది. దిగేటప్పుడు మలుపుకు దగ్గరగా పోయి గట్టిగా తొక్కకుండా, వంద అడుగులు ముందే మెల్లగా తొక్కి ముల్లు ఛార్జ్ భాగంలోనే, చివరికి తగలకుండా ఉంచండి, అప్పుడు దాదాపు అంతా మోటారే పడుతుంది, డిస్కులకు పని ఉండదు. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగుతారు కదా, అక్కడి నుంచి ఘాట్ మొదలయ్యేదాకా రోడ్డు ఖాళీగా ఉంటే, బ్యాటరీ మీదే నడిపే ఈవీ మోడ్ నొక్కి నిదానంగా రండి, తొట్టి కొంచెం ఖాళీ అయి దిగుడుకు చోటు మిగులుతుంది. ముందు రోడ్డు ఎట్లా ఉందో మీకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు అన్నాను, ఆ తెలివిని వాడుకునే దారి ఇదే. ఎక్కేటప్పుడు పెడల్ ఒకే బరువుతో తొక్కండి, క్రూయిజ్ కంట్రోల్ తీసేయండి. అంకెలు చూడాలని ఉంటే, కారు కంప్యూటర్‌ను చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం తెచ్చుకోండి, బ్యాటరీ శాతం, దాని వేడి, వచ్చే పోయే కరెంటు అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. చూడటానికే వాడండి, బండి నిలిపాక తీసేయండి, లేదంటే బండి చాలా రోజులు కదలకుండా ఉన్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీ పడిపోవచ్చు.

ప్రశ్న: కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గర మాకు షెడ్ ఉంది. 2008 మోడల్ సివిక్ హైబ్రిడ్ ఒకటి తక్కువ ధరకు వచ్చింది. ఐఎంఏ (హోండా మోటారు సాయం పద్ధతి) లైటు వెలిగే ఉంటుంది, మోటారు సాయం ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఇది మీరు చెప్పే హోండా పద్ధతే కదా, దీనికి జాయ్‌స్టిక్ బోర్డు పెట్టి మోటారును మన చేతిలోకి తెచ్చుకుంటే ఆ సమస్య పోతుందా అన్నా?
(ఒక మెకానిక్, కర్నూలు)

జవాబు: తమ్ముడూ, ఆలోచన తప్పు కాదు, బండి కూడా ఆ వంశమే. కానీ నీ బండికి వచ్చిన జబ్బు వేరు, నువ్వు వేయబోయే మందు వేరు.

సివిక్‌లో 132 నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వరసగా కలిపి 158.4 వోల్టులు చేశారు. వరసలో ఉన్నప్పుడు బలహీనమైన సెల్ ఎంత మోస్తే మొత్తం అంతే. బండి వయసు చూస్తే, మన కర్నూలు మే నెల ఎండలు ఎన్ని తాగిందో చూస్తే, కొన్ని సెల్స్ సగం సత్తువ కూడా లేకుండా ఉంటాయి. కంప్యూటర్ అది గమనించి మోటారు సాయాన్ని ఆపుతోంది, అంటే అది బ్యాటరీని కాపాడుతోంది. ఇప్పుడు నువ్వు జాయ్‌స్టిక్‌తో బలవంతంగా లాగితే బలహీనమైన సెల్ సున్నా దాటి కిందికి పోయి తిరగబడుతుంది, అంటే ప్లస్ మైనస్ తారుమారు అయిపోతుంది, అక్కడితో దాని పని అయిపోయినట్టే, పక్కనున్నవి కూడా వేడెక్కుతాయి.

ఇంకో తేడా ఉంది. ఆ బోర్డు ఇన్‌సైట్ వైరింగ్ కోసం చేసింది, అది కూడా మాన్యువల్ గేర్లున్న బండి అనుకుని చేసింది. నీ సివిక్‌లో సీవీటీ, అంటే మెట్లు లేకుండా మారే ఆటోమేటిక్ గేర్ బాక్సు ఉంది. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు జారకుండా ఎంత బిగించాలో కంప్యూటర్ ఇంజిన్ బలం, మోటారు బలం కలిపి లెక్క వేసి బిగిస్తుంది. దానికి తెలియకుండా నువ్వు పక్క నుంచి బలం కలిపితే బిగువు చాలదు, బెల్టు జారుతుంది, పుల్లీ మీద గీత పడుతుంది. సీవీటీ బాగు చేయించడం అంటే బండి ధర మళ్లీ పెట్టినట్టే.

కాబట్టి ముందు బ్యాటరీ చూడు. ప్యాక్ విప్పే ముందు మాత్రం నా మాట గట్టిగా పట్టుకో. ఇది 158 వోల్టుల డీసీ, ఇంటి కరెంటులాగే ప్రాణం తీయగలదు. వెనక సీటు దగ్గరున్న బ్యాటరీ స్విచ్ తీసేయి, 12 వోల్టుల బ్యాటరీ మైనస్ తీసేయి, పది నిమిషాలు ఆగు, లోపలి కెపాసిటర్లు దిగాలి, ఆ తర్వాత మీటర్ పెట్టి సున్నా అని చూశాకే చేయి పెట్టు. 1,000 వోల్టులకు పనికొచ్చే రబ్బరు గ్లవ్స్ వేసుకో, వేసుకునే ముందు గాలి ఊది చిల్లు లేదని చూసుకో. ఉంగరం, వాచీ, చేతి కడియం తీసేయి. స్విచ్ తీసినా సెల్స్ మధ్య వోల్టేజి ఎక్కడికీ పోదు, ప్యాక్ లోపల అది ఉంటూనే ఉంటుంది. నారింజ రంగు తీగలన్నీ ప్రాణం తీసే తీగలే అనుకో. పక్కన ఒక మనిషి లేకుండా ఈ పని చేయకు. మా షెడ్‌లో ఒకసారి కుర్రాడి చేతిలోని స్పానర్ రెండు మాడ్యూళ్ల మధ్య పడి మొన కరిగి అతుక్కుపోయింది, మనిషికి ఏమీ కాలేదు కానీ ఆ వెలుగు నేను ఇంకా మర్చిపోలేదు.

విప్పాక ఒక్కో సెల్ స్టిక్‌ను (కొన్ని సెల్స్ వరసగా అతికించిన కడ్డీని) విడిగా నింపి, ఒక బల్బు లోడు పెట్టి ఎంతసేపు నిలబడుతుందో కాగితం మీద రాసుకో. కొన్ని మాత్రమే పోయాయని తేలితే వాటికి సమానమైన సత్తువ ఉన్నవే వెతికి వేయాలి, కొత్తవీ పాతవీ కలిపితే ఆరు నెలల్లో మళ్లీ అదే లైటు. సగానికి పైగా పోయాయంటే ఇక ఆ బండి మీద డబ్బు పెట్టడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: మాది 2019 ఎర్టిగా, స్మార్ట్ హైబ్రిడ్ అని వెనక రాసి ఉంది. లోడుతో ఓర్వకల్లు వైపు ఎక్కుడు ఎక్కేటప్పుడు మోటారు ఎక్కువ సాయం చేసేట్టు స్విచ్ పెట్టవచ్చా?
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: మీ బండిలో ఉన్నది బెల్టుతో తిరిగే 12 వోల్టుల చిన్న యంత్రం. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను చప్పుడు లేకుండా లేపుతుంది, కదిలేటప్పుడు కొంచెం తోస్తుంది, బ్రేకు వేస్తే చిన్న బ్యాటరీని నింపుతుంది. దాని బలం రెండు మూడు కిలోవాట్లు, ఇంజిన్‌ది డెబ్భైకి పైనే. స్విచ్ పెట్టినా అది ఇవ్వగలిగింది ఇప్పటికే ఇస్తోంది. లోడుతో ఎక్కేటప్పుడు గేరు ముందే తగ్గించండి, టైర్లలో గాలి లోడుకు తగ్గట్టు పెట్టండి.

ప్రశ్న: ఆదోనిలో పత్తి వ్యాపారం మాది. హైరైడర్ హైబ్రిడ్‌లో శాంపిల్ సంచులు వేసుకుని జిన్నింగ్ మిల్లుల చుట్టూ తిరుగుతాను. ఈ ఎండాకాలం నుంచి వెనక సీటు దగ్గర ఫ్యాన్ హోరుమని తిరుగుతోంది, మునుపటిలా బ్యాటరీ మీద నడవడం తగ్గింది, మైలేజీ కూడా పడిపోయింది. బ్యాటరీ ఎక్కువ వాడేట్టు సెట్టింగ్ మార్చించమని ఒకరు చెప్పారు.
(ఒక పాఠకురాలు, ఆదోని)

జవాబు: అమ్మా, సెట్టింగ్ జోలికి పోకండి, ముందుగా వెనక సీటు దగ్గర వెతకండి. ఈ బండ్లలో హైబ్రిడ్ బ్యాటరీని చల్లబరిచేది మీరు కూర్చునే క్యాబిన్‌లోని గాలే. సీటు దగ్గర ఒక జాలీ ఉంటుంది, దాని లోపల ఫిల్టర్. మీ సంచుల నుంచి రాలిన పత్తి నూగు ఆ జాలీకి దుప్పటిలా పట్టి ఉంటుందని నా గట్టి అనుమానం. గాలి అందక బ్యాటరీ వేడెక్కుతుంది, వేడెక్కగానే కంప్యూటర్ మోటారు సాయాన్నీ తగ్గిస్తుంది, బ్రేకు నుంచి వచ్చే ఛార్జింగ్‌నూ తగ్గిస్తుంది, ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతుంది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ అందులోనే ఉన్నాయి.

జాలీ తీసి, ఫిల్టర్‌ను మెత్తటి బ్రష్‌తోనూ వ్యాక్యూమ్‌తోనూ శుభ్రం చేయించండి. కంప్రెసర్ గాలి లోపలికి కొట్టించకండి, నూగు ఇంకా లోపలికి పోయి ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది. శాంపిళ్లు మూత కట్టిన ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టుకుని డిక్కీలో వేసుకోండి, సీటు మీద, జాలీకి అడ్డంగా ఏదీ పెట్టకండి. మిల్లు దగ్గర ఎండలో బండి రెండు గంటలు నిలిపి ఎక్కిన వెంటనే అద్దాలు దించి వేడి గాలి బయటికి పోనివ్వండి, తర్వాత ఏసీ వేయండి, మీరు చల్లబడితే బ్యాటరీ కూడా చల్లబడుతుంది. పత్తి సీజన్‌లో నెలకొకసారి ఈ జాలీ చూడండి. ఇది చేశాక కూడా ఫ్యాన్ హోరు తగ్గకపోతే సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ వేడి రీడింగ్ తీయించుకోండి, వారంటీ ఉంది కాబట్టి రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మోటారు సాయం, రీజెన్ (బ్రేకు వేసినప్పుడు మోటారు కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపడం) రెండూ చేతితో నియంత్రించడం మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. మామయ్య హైబ్రిడ్ కారు ఇస్తానన్నాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
(ఒక విద్యార్థి, అనంతపురం)

జవాబు: మామయ్య కారు మామయ్యకే వదిలేయండి. సైకిల్ మీద చేయండి. నేను తీసిపారేసి చెప్పడం లేదు, ఈ విషయం నేర్చుకోవడానికి సైకిలే మంచి బండి, ఎందుకంటే అక్కడ పెడల్ తొక్కే ఇంజిన్ మీరే, మోటారు సాయం ఎంత వచ్చిందో మీ మోకాళ్లకే తెలుస్తుంది.

చక్రం మధ్యలో కూర్చునే 48 వోల్టుల 250 వాట్ల హబ్ మోటారు కొనండి. లోపల గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ రకమే కొనాలి, ఇది ముఖ్యం. చిన్నగా, తేలికగా ఉండే గేర్ల రకంలో ఫ్రీ వీల్ ఉంటుంది, దిగేటప్పుడు చక్రం మోటారును తిప్పదు, రీజెన్ రాదు, డబ్బు పోయాక తెలుసుకుని బాధపడతారు. కంట్రోలర్ కొనేటప్పుడు రీజెన్ బ్రేక్ ఉందా, ఉంటే అది ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న స్విచ్చా లేక వోల్టేజితో తగ్గించి పెంచగలిగేదా అని అడగండి, రెండోదే మీకు కావాలి. చేతితో వేగం పెంచే మామూలు హాల్ థ్రాటిల్ సుమారు 0.8 నుంచి 4.2 వోల్టుల దాకా ఇస్తుంది. మధ్యలో నిలబడే ఒక లివర్ తయారు చేసుకుని, మైక్రోకంట్రోలర్‌తో చదివి, మధ్య నుంచి ముందుకు పోతే సాయం వైపు, వెనక్కి పోతే రీజెన్ వైపు సిగ్నల్ పంపండి. మధ్యలో కొంచెం ఖాళీ వదలండి, లేకపోతే గుంటలో చక్రం పడ్డప్పుడల్లా చేయి కదిలి అటూ ఇటూ కొట్టుకుంటుంది. లివర్ వెనక్కి లాగినప్పుడు వెనక ఎర్ర లైటు వెలగాలి, అది మొదటి రోజే పెట్టండి.

అంకెలు కొలవడమే మీ ప్రాజెక్టులో అసలు సరుకు. మీరూ సైకిలూ కలిపి 100 కిలోలు అనుకోండి, 30 మీటర్ల ఎత్తు దిగితే చేతికి రావాల్సింది 8 వాట్ అవర్ల కన్నా కొంచెం ఎక్కువ. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ సైకిల్‌ను ఆపితే వచ్చేది అర వాట్ అవర్ కూడా కాదు. మీ 48 వోల్టుల 10 ఆంపియర్ అవర్ బ్యాటరీ 480 వాట్ అవర్లది. కాబట్టి సమతలం మీద బ్రేకు కొట్టి నింపుకుందామనే ఆశ పెట్టుకోకండి, మీ రీడింగులే ఆ మాట చెబుతాయి. ఒకే ఎక్కుడుదిగుడు రోడ్డు మీద పదిసార్లు లివర్‌తో, పదిసార్లు కంట్రోలర్ తనంతట తాను చూసుకునేట్టు నడిపి, పోయింది ఎంత, వచ్చింది ఎంత అని వాట్ మీటర్‌తో రాసుకోండి. గాలి వీచే వైపు కూడా రాయండి, అనంతపురం గాలికి ఒక్కోరోజు లెక్కంతా తారుమారవుతుంది.

చివరగా ఒక జాగ్రత్త. బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి కొండ మీద నుంచి మొదలుపెట్టకండి. నిండిన బ్యాటరీలోకి ఇంకా కరెంటు తోస్తే వోల్టేజి పెరిగి, లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ అనే బోర్డు సర్క్యూట్‌ను తెంచేస్తుంది, తెగిన ఆ క్షణంలో మీ రీజెన్ బ్రేకు మాయమవుతుంది. ముప్పావు వంతు ఛార్జితో మొదలుపెట్టండి, ముందు వెనక మామూలు బ్రేకు కట్టలు రెండూ కొత్తవి వేయించండి, హెల్మెట్ పెట్టుకోండి. రీడింగులు వచ్చాక ఈ శీర్షికకు పంపండి, అచ్చు వేస్తాం.